గంపల మీది రేడియో

బుచ్చవ్వ సంచి సర్దుతోంది. దుప్పటి, బట్టలు, డబ్బాలో జొన్నరొట్టెలు. మనవరాలు సరళ అందులోంచి రికార్డరు తీసి పక్కన పెట్టింది.

"తీస్కపోతే గుంజుకుంటరు అవ్వ. నువ్వే దాచు."

"పోలీసోళ్లు నిజంగనే వస్తరా బిడ్డా?"

"పొద్దుగాల్నే వస్తరు."

బుచ్చవ్వ సంచి విప్పి, మళ్లీ మొదటినుంచి సర్దింది.

అంతా చెరువు కట్ట మీద మొదలైంది. చేపలమ్మే అండాలు భర్త చనిపోయాడు. చేపల సంఘంలో సభ్యత్వం తండ్రి తర్వాత కొడుక్కే పోతుంది. అండాలుకు ఉన్నది ఆడపిల్లలు. వాటా చేపల కోసం వచ్చిన ఆమె గంపను సంఘం అధ్యక్షుడు గండయ్య కాలితో తన్నాడు.

"చెరువుల ఆడోళ్లకేం హక్కున్నదే? పో, కొడుకును కని రాపో!"

మగవాళ్లు నవ్వారు. సరళ ఆ మాటనూ ఆ నవ్వునూ రికార్డు చేసింది. కండ్లకోయ కాలేజీలో చదివే హరిచందనతో కలిసి తాను నడిపే యువజన రేడియోలో ఆ సాయంత్రమే వినిపించింది. "వల అల్లేదెవరు? చేప అమ్మేదెవరు? సంఘంలో పేరు లేనిదెవరికి?" అని అడిగింది.

రేడియో గది సంఘం భవనంలోనే ఉంది. తెల్లారేసరికి గండయ్య దానికి తాళం వేయించాడు.

ఆడవాళ్లు బుచ్చవ్వ వాకిట్లో చేరారు.

"తాళమేసిండు. ఇగ మన మాట ఎవడింటడు?" అంది అండాలు.

"మా నాన్నగారు ఇక్కడికి రావద్దన్నారండీ," అంది హరిచందన. "కానీ రికార్డింగు నా ఫోన్లో ఉంది."

"ఫోన్ల ఉంటే? పులుసు వెట్టుకుంటమా?" అంది అండాలు.

అందరూ నవ్వారు. సరళ మాత్రం గోడ పక్కనున్న చేపల గంపలనే చూస్తోంది. ప్రతి గంపకూ చిన్న మైకు కట్టి ఉంది. కాలనీల్లో అరవలేక కొనుక్కున్నవి. రికార్డు చేసిన కార్డు పెడితే "బొచ్చెలు, రవ్వులు" అని చేపల పేర్లు వాటంతటవే కేకలేస్తాయి.

మర్నాడు గుండ్లపోచంపల్లి కాలనీల్లో ఆ మైకులు బొచ్చెల పేరెత్తలేదు. "కొడుకును కని రాపో!" అని గండయ్య గొంతుతో అరిచాయి. వెనకే సరళ ప్రశ్నలు. తలుపులు తెరుచుకున్నాయి. వంటింట్లోంచి గరిటెలతోనే వచ్చి విన్నారు. పొద్దుగూకే వేళకు గండయ్య సరళ మీద కేసు పెట్టాడు. అందుకే ఈ సంచి.

తెల్లవారి ఆడవాళ్లంతా మైకులు మోగిస్తూ కట్ట మీదికొచ్చారు. పోలీసు జీపు వచ్చింది, దాని వెనక గండయ్య.

"బంద్ జెయ్యుండ్రి! చాపలమ్మనీకె కొనుక్కోమన్న, నన్ను తిట్టనీకె గాదు!"

"మేమేం తిట్టినం పెద్దమనిషీ?" అంది అండాలు. "నీ మాటే నీకు ఇనవెడుతున్నం. నీ గొంతు నీకే సైస్తలేదా?"

పోలీసులు లాఠీలతో నెట్టారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఆడవాళ్లు జీపుకు అడ్డం కూర్చున్నారు. ఈడ్చి పారేశారు. జీపెక్కుతూ సరళ చెయ్యి చాపింది.

"సంచి ఇటియ్యి అవ్వ. మైకులు ఆపకుండ్రి."

జీపు కదిలింది. ఎన్నో సాగనంపుళ్లు చూసిన బుచ్చవ్వ ఈసారి గుమ్మం పట్టుకుని ఏడవలేదు. కింద పడిన మైకు ఎత్తి, దుమ్ము తుడిచి, మళ్లీ మోగించింది. అండాలు చెరువులో వల విసిరింది. ఆమె వెనక అందరూ దిగారు. గండయ్య మనుషులకు అడ్డుపడే ధైర్యం చాలలేదు.

శుక్రవారం ఠాణా ముందు గంపలు దించారు. అన్ని మైకుల్లోనూ ఒకటే గొంతు: "సంఘంలో పేరు లేనిదెవరికి?"

ఆ గొంతు సరళది. శ్రావణమాసం, బుధవారం పొద్దున జీపెక్కింది. గురువారం ఠాణాలో చనిపోయింది. ఇంటికి తిరిగి రాలేదు.