ముఖం లేని మనిషి బొమ్మ

పెర్మిలి అవతల అడవిలో వెదురు నరికే కూపులో, నీళ్లు తాగడానికి కూర్చున్న పోశక్కను మేస్త్రీ కట్టెతో కొట్టాడు. మణికట్టు విరిగిన చప్పుడు నేను విన్నాను. యాభైమంది కూలీలం చూశాం. ఒక్కరం కదల్లేదు. 1984 ఎండాకాలం అది. కాలేజీ వదిలేసి ఆ కూలీల మధ్య పనిచేయడానికి వెళ్లిన నేనూ నిలబడే ఉన్నాను.

సిరొంచలో దుకాణాల బోర్డులు రాసే ఆదయ్య ఆ వారం మా ఊళ్లో చెల్లెలు మల్లక్క ఇంటికి వచ్చి ఉన్నాడు. పోశక్క చెయ్యి చూశాడు. రెండు రోజులు కూర్చుని పాత పంచె మీద బొమ్మ వేశాడు.

ఆదివారం ఆ బొమ్మను మాతో కూపుకు వచ్చే మంగయ్య ఇంటి పందిరి గుంజలకు కట్టారు. ఊరంతా చేరింది. దుంగలు లాగుతున్న ఏనుగు. కాలికి దారమంత సన్నటి గొలుసు. వీపు మీద కోటు తొడుక్కున్న మనిషి. అతనికి ముఖం లేదు.

"ఏందిది, కమలాపూర్‌ల దుంగలు గుంజే ఏనుగా?" అన్నాడు కూలీల్లో ఒకడైన భీము.

"మనమే," అన్నాడు మంగయ్య. "మోసేటోళ్లం మనమే గద. మీద కూసున్నోడు మేస్త్రీ."

"కాదు," అంది పోశక్క. "మేస్త్రీకి ముఖం ఉంది, రోజూ చూస్తున్న. వాని చేతిల కట్టె పెట్టినోన్ని ఎన్నడన్న చూసినమా? మన వెదురు ఏ మిల్లుకు పోతదో, ఆ మిల్లు ఎవనిదో ఎరుకేనా? గందుకే వానికి ముఖం లేదు."

"గొలుసు గంత సన్నగ ఎందుకేసినవ్ అన్నా?" మల్లక్క అడిగింది.

"తెంపొచ్చని."

మంగయ్యకు కోపం వచ్చింది. "బొమ్మల తెంపుడు అల్కగనే ఉంటది. రేపు పోలీసులొస్తే పిల్లలకు బువ్వ ఎవడు పెడ్తడు?"

అతనన్నదీ నిజమే.

"ఒక్క ఏనుగునే ఎందుకేసినవ్ ఆదన్నా?" అంది పోశక్క చివరికి. "నన్ను కొట్టంగ యాభైమంది ఉండి కూడ ఎవలకు వాళ్లే నిలబడ్డరు. మందను ఎయ్యి."

నా తల వాలిపోయింది. ఆదయ్య అందరి ముందే కుంచె తీసి, వెనకాల ఇంకొన్ని ఏనుగులను వేశాడు.

మర్నాడు ఎవరూ వెదురు నరికే కత్తి పట్టలేదు. బొమ్మను రెండు కర్రలకు కట్టి కూపు దాకా నడిచాం. మేస్త్రీని తీసెయ్యాలి, పోశక్కకు వైద్యం చేయించాలి, కూపులో తాగునీళ్లు పెట్టాలి అని అడిగాం. జీపులోంచి పోలీసు ఫౌజుదారు దిగాడు. బొమ్మ చూశాడు.

"ముఖం లేనోడు ఎవరు? సర్కారే కదా?"

"మేం గంత దూరం అనుకోలే సారూ," అంది పోశక్క. "నువ్వే చెప్పినవ్."

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుకే ఆదయ్యను జీపులో పడేశారు, బొమ్మతో సహా.

మూడో రోజు ఆదయ్య శవాన్ని పంపారు. జ్వరంతో పోయాడని కాగితం ఇచ్చారు. మల్లక్క గుడ్డ తొలగించింది. కుడిచేతి వేళ్లు ఐదూ నలిగి ఉన్నాయి. ఆమె ఏడవలేదు. ఆ చేతిని ఎత్తి పట్టుకుని, అందరూ చూసేదాకా దించలేదు.

"ఇగ నేను కూపుకు పోను," అన్నాడు మంగయ్య.

ఎవరూ పోలేదు. ఏటపల్లి దిక్కు కూలీలు కూడా పని ఆపేశారు. పన్నెండో రోజు ఫౌజుదారు బలగంతో వచ్చి, నాయకుడెవడని అడిగాడు.

"రాసుకో, మంగయ్య," అంటూ మంగయ్య ముందుకు వచ్చాడు.

"పోశక్క," అంది ఆమె, అతని పక్కకు వచ్చి నిలబడి.

"మల్లక్క."

"భీము."

నేనూ నా పేరు చెప్పాను. వెనక నుంచి పేర్లు వస్తూనే ఉన్నాయి. ఫౌజుదారు విసుగెత్తి పుస్తకం మూశాడు. ఆ రోజు పదహారు మందిని పట్టుకుపోయారు. కూపులో మాత్రం ఒక్క వెదురు కూడా పడలేదు.