పెదవి విప్పని ముద్దాయి

టాలివర్ కౌంటీలో ఒకరి ముఖం ఒకరు ఎరగని పన్నెండు మందిని ఒక గదిలో కూర్చోబెట్టాలంటే పక్క రాష్ట్రం నుంచి బస్సు తెప్పించుకోవాలి. అందుకే ఆ ఉదయం జ్యూరీకి పిలిచిన జనమంతా నిజమే చెబుతామని ప్రమాణం చేశాక, జడ్జి హ్యాచర్ "ఈ ముద్దాయి మీలో ఎవరికైనా తెలుసా?" అని అడగ్గానే సగం చేతులు పైకి లేచాయి. ఒకాయన ముద్దాయి మేనమామతో కలిసి బొగ్గు గనిలో పనిచేశాడు. ఒకావిడ అతనికి కుక్కపిల్లను అమ్మింది. ఇంకొకావిడ అతని వదినకు జుట్టు కత్తిరిస్తుందట, ఆ వదిన సంగతులు కావాలంటే చెబుతానంది. అక్కర్లేదన్నాడు జడ్జి. ఒక్కొక్కరినీ గుచ్చి గుచ్చి అడిగి చాలామందిని ఇంటికి పంపేశాడు.

వెర్లీన్ ఏకర్స్ మాత్రం చెయ్యి ఎత్తలేదు. ఒళ్ళోని చేతిసంచి మీద రెండు చేతులూ పెట్టుకుని, చర్చిలో ఉపన్యాసం వింటున్నట్టు బుద్ధిగా కూర్చుంది.

ఆమెకు ఆ అబ్బాయి తెలుసు. బాగా తెలుసు. పేరు డెంజిల్ పెట్రీ. ఇప్పుడు గడ్డం పెరిగింది, భుజాలు వెడల్పయ్యాయి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న కోటు చేతులకు పొట్టిగా ఉంది. కానీ తల వంచుకునే తీరు మారలేదు. చిన్న బడి భోజనశాలలో వెర్లీన్ గరిటె తిప్పిన కాలంలో ఆ పిల్లాడు రోజూ ఆమె ముందు పళ్ళెం పట్టుకుని నిలబడేవాడు. వాడికి నత్తి. అలాంటిలాంటి నత్తి కాదు. ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, నోరు పూర్తిగా పడిపోయేది. "బీన్సా, బంగాళాదుంపలా? తొందరగా చెప్పరా!" అని వెనకవాళ్ళు కసిరితే చెవులు ఎర్రబడి, నేల చూపులు చూస్తూ, ఏదీ తీసుకోకుండా పోయేవాడు. వెర్లీన్ అది కనిపెట్టి, ఏదీ అడగకుండానే రెండూ వడ్డించేది.

మరి చెయ్యి ఎందుకు ఎత్తలేదంటే, చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆమెకు జ్యూరీలో కూర్చోవాలని మహా ఆశ. సాయంత్రం పూట టీవీలో వచ్చే కోర్టు కథల్లో ఒక్కటీ వదిలేది కాదు. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆమెను ఎవరైనా ఏదైనా అడిగారంటే, ఇంకాస్త పులుసు వెయ్యమనే. ఇప్పుడు ఏకంగా రాష్ట్ర ప్రభుత్వమే ఒక మనిషి దొంగో కాదో చెప్పమ్మా అని అడుగుతోంది. చెయ్యి ఎత్తితే జడ్జి ఇంటికి పొమ్మంటాడేమోనని భయం. తెలియడమంటే ఇంటికి రాకపోకలుండాలి గానీ, పళ్ళెంలో బీన్స్ వేస్తే తెలిసినట్టేనా అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

"ముద్దాయి బోను ఎక్కి మాట్లాడాల్సిన పని లేదు. అది అతని హక్కు. మాట్లాడకపోతే దాన్నిబట్టి దోషి అనుకోబోమని మాటిస్తారా?" అని జడ్జి అడిగాడు. అందరూ ఇచ్చారు. అందరికంటే ముందు తల ఊపింది వెర్లీన్.

కేసు చిన్నది. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక కేంద్రంలో ఒక జనరేటర్ పోయింది. అది డెంజిల్ ఇంటి వెనక షెడ్డులో దొరికింది. కౌంటీ పోలీసు పెద్ద షెరిఫ్ దగ్గర పనిచేసే డిప్యూటీ బోనెక్కి, "ఇది ఎక్కడిదిరా అని గట్టిగానే అడిగాను. ఉలకడు, పలకడు. నేల చూస్తూ నిలబడ్డాడు. దొంగ ఎలా నిలబడతాడో అచ్చం అలాగే" అన్నాడు. ముద్దాయి తరఫు లాయరు కొరీన్ ష్రీవ్ చివాలున లేచి అభ్యంతరం చెప్పింది. ఆ చివరి మాట వినలేదనుకోండని జడ్జి జ్యూరీకి చెప్పాడు. విన్నదాన్ని వినలేదనుకోవడం ఎవరి తరం?

డెంజిల్ బోనెక్కలేదు. వాదనలు మధ్యాహ్నానికే ముగిశాయి.

జ్యూరీ గదిలోకి బంట్రోతు మాంసం ముక్కలు పెట్టి కాల్చిన పెపరోనీ రోల్సూ కాఫీ తెచ్చిపెట్టి తలుపు వేశాడు. టైర్ల కొట్టు గార్లండ్ బాస్టిక్‌ను జ్యూరీకి పెద్దగా ఎన్నుకున్నారు. ఎన్నుకున్నారనేది మర్యాదకు అనే మాట. ఆయనే వెళ్ళి బల్ల కొసన కుర్చీలో కూర్చున్నాడు.

"మాట్లాడకుండా ఉండే హక్కుందని పోలీసులు వాడికి చదివి వినిపించలేదటగా? అలాగైతే కేసు కొట్టెయ్యాలి కదండీ?" అంది ట్వైలా అనే అమ్మాయి.

"టీవీ చూసి చెడిపోయావమ్మా నువ్వు. పట్టుకుని తీసుకెళ్ళి ప్రశ్నలేస్తే అప్పుడా గొడవ. అయినా వీడు నోరు తెరిచి ఏమన్నా అంటేగా, అది కొట్టెయ్యడానికి!" అన్నాడు గార్లండ్.

అందరూ నవ్వారు. వెర్లీన్ కూడా నవ్వింది.

"వాడు మాట్లాడని సంగతి జడ్జి ఎత్తొద్దన్నాడు కదయ్యా," అని గొణిగాడు ఒక ముసలాయన.

"ఎత్తడం లేదు పెద్దాయనా, ఊరికే అనుకుంటున్నాం. నన్నెవడన్నా దొంగంటే కోర్టు కప్పు ఎగిరిపోయేట్టు అరుస్తాను నేను. సంతలో కొన్నాననో, బావమరిది ఇచ్చాడనో ఏదో ఒకటి ఏడవాలి కదా? ఒక్క ముక్క! తప్పు చెయ్యనివాడికి ఒక్క ముక్క రాదా?" అన్నాడు గార్లండ్.

రాదు, అనుకుంది వెర్లీన్. వాడికి రాదు.

మాట నాలుక చివరికి వచ్చింది. సరిగ్గా అప్పుడే గార్లండ్ ఆమె వైపు తిరిగాడు. "అన్నట్టు నువ్వు బళ్ళో చేశావు కదా వెర్లీన్? వీడు అక్కడే చదివుంటాడే. ఎలాంటివాడు చిన్నప్పుడు?"

అందరూ తింటున్న చెయ్యి ఆపి చూశారు. చెబితే, మరి పొద్దున చెయ్యెందుకు ఎత్తలేదంటారు. ప్రమాణం చేసి అబద్ధమాడిందన్న మాట రేపటికల్లా కౌంటీ అంతా పాకుతుంది.

"ఎంతమంది పిల్లలొచ్చేవాళ్ళు గార్లండ్! అందరూ గుర్తుంటారా?" అంది. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. కోర్టులో విన్నది తప్ప వేరే ఏదీ లెక్కలోకి తీసుకోవద్దని జడ్జే అన్నాడు కదా అని, ఆ మాటను అడ్డం పెట్టుకుంది. ముసలాయన కాసేపు పట్టుపట్టి, విసిగిపోయి, మీ ఇష్టం అన్నాడు. చివరికి వెర్లీన్ కూడా 'దోషే' అంది.

తీర్పు చదివాక లాయరు కొరీన్ లేచి, జ్యూరీలో ఒక్కొక్కరినీ విడివిడిగా అడగమని కోరింది. అదీ ముద్దాయి హక్కేనట. గుమాస్తా వరసగా అడుగుతూ వచ్చాడు. "ఇది మీ తీర్పేనా?" అవును. "ఇది మీ తీర్పేనా?" అవును. వెర్లీన్ వంతు వచ్చేసరికి డెంజిల్ తల ఎత్తి ఆమె వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఏదో పొరపాటు జరిగింది, ఇప్పుడు ఈమె సరిచేస్తుంది అన్నట్టుంది.

"అవును," అంది వెర్లీన్.

డెంజిల్‌ను పక్క తలుపులోంచి తీసుకుపోయారు. జడ్జి జ్యూరీకి ధన్యవాదాలు చెప్పి పంపేశాడు. వసారాలో వెర్లీన్ కారు తాళాల కోసం సంచి వెతుక్కుంటూ ఉండగా కొరీన్ వచ్చింది.

"మీ పని అయిపోయింది కాబట్టి ఇప్పుడు అడగొచ్చండీ. ఇష్టం లేకపోతే చెప్పకండి. నేనెక్కడ తప్పు చేశానో తెలుసుకుందామని."

"ఆ అబ్బాయి ఒక్క మాటన్నా మాట్లాడలేదు కదమ్మా," అంది వెర్లీన్. అలా అన్నందుకు తన నోటిని తనే కొట్టుకోవాలనిపించింది.

కొరీన్ నిట్టూర్చింది. "మాట్లాడలేడండీ. నత్తి. డాక్టరు చేత చెప్పిస్తానంటే ఒప్పుకోలేదు. కౌంటీ వాళ్ళందరి ముందూ ఆ మాట అనిపించుకోవడం కంటే జైలే నయమన్నాడు. అసలు పొద్దున మిమ్మల్ని జ్యూరీలోంచి తీసేద్దామనుకున్నాను. కారణం చెప్పకుండా ఇంకొకరిని తీసే వీలు మిగిలుంది నాకు. వాడే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. 'ఆవిణ్ణి ఉంచండి, మంచావిడ' అన్నాడు. ఆ రెండు ముక్కలు అనేసరికి పాపం చెమటలు పట్టాయి వాడికి. మీ మొహం చూసి అంటున్నాడనుకున్నాను."

వెర్లీన్ గోడకు ఆనుకుంది. కొరీన్ ఆమె ముఖంలోకి చూసి, చూసి, గొంతు తగ్గించింది. "మీకు వాడు ముందే తెలుసా?"

"అమ్మా, నేను..."

"ఆగండి! ఇంకేం చెప్పకండి. నేను మీ లాయర్ని కాను, వాడి లాయర్ని. చెప్పాలనుంటే జడ్జి ముందే చెప్పండి. వాడు కూడా తెలిసి ఊరుకున్నాడు కాబట్టి ఇది వాడికి పనికొస్తుందో, వాడి మెడకే చుట్టుకుంటుందో నాకూ తెలీదు."

ఇంటికి వెళ్ళిపోవచ్చు. తాళాలు చేతికి తగిలాయి కూడా. వెర్లీన్ సంచి మూసేసి వెనక్కి, కోర్టు గదిలోకి నడిచింది.

జడ్జి హ్యాచర్ సర్కారు లాయరును వెనక్కి పిలిపించాడు. డెంజిల్‌ను తీసుకొచ్చి కూర్చోబెట్టారు. అప్పుడే అతనికి నారింజ రంగు జైలు బట్టలు తొడిగారు. వెర్లీన్ అటు చూడలేకపోయింది. పొద్దుటి నుంచీ తను చేసినవన్నీ ఒంటి మీద రాసిపెట్టి ఉన్నట్టు, అందరూ చదువుతున్నట్టు ఒళ్ళంతా మండింది.

"చూడండమ్మా," అన్నాడు జడ్జి, మెత్తగానే. "మీరు చెప్పబోయేది మీ మీదకే రావచ్చు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పడం నేరం. మీరు మాట్లాడాల్సిన అవసరం లేదు. అది మీ హక్కు. మీరు మాట్లాడకుండా వెళ్ళిపోతే మేమెవరం మీ గురించి ఏమీ అనుకోకూడదు, అనుకోం కూడా. లాయర్ని పెట్టుకుంటానన్నా సరే, టైమిస్తాను. తొందరేం లేదు."

అడక్కుండానే ఆమె చేతిలో పెట్టారు ఆ హక్కును, మర్యాదగా, కుర్చీ వేసి మరీ. వెర్లీన్ నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. గుమాస్తా, లాయర్లు, బంట్రోతు, అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. చెవులు కాలిపోతున్నాయి. చూడని వాడు ఒక్క డెంజిలే. చూస్తే ఆమెకు ఇంకా కష్టమవుతుందని తెలిసినవాడిలా, ముఖం కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాడు.

"నాకా అబ్బాయి తెలుసండీ," అంది వెర్లీన్. "ఎందుకు మాట్లాడడో కూడా తెలుసు. తెలిసే దోషి అన్నాను."