418వ డబ్బా

ఒంటిపూట బడి ముగించుకుని లోయిస్ టీచర్ అబిడ్స్ నుంచి నడిచి ఇంటికి వచ్చేసరికి బబ్లూ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఆమెది పై వాటా, అతనిది కింది వాటా. నలభై ఏళ్ల మనిషి. సర్వే కంపెనీలకు మనుషుల్ని కుదర్చడం అతని పని. పిల్లలున్న తల్లులు కావాలన్నా, షుగర్ ఉన్న మగవాళ్లు కావాలన్నా సాయంత్రానికల్లా గల్లీల్లోంచి పట్టుకొస్తాడు. దొరక్కపోతే దొరికినవాళ్లనే అలా తయారు చేస్తాడు.

"టీచరమ్మా, మీతోని ఒక పనివడ్డది" అంటూ లేచి నిలబడ్డాడు. "యాభై దాటిన క్రిస్టియన్ లేడీ ఒకరు తక్కువైన్రు. వాసన సర్వే. గంట సేపంతే. గీడనే, స్టేషన్ రోడ్డుల ఫంక్షన్ హాల్ల."

"వాసన సర్వే ఏంది బబ్లూ?"

"డబ్బాలు ఇస్తరు. మూత తీసి వాసన జూసి నంబరెయ్యాలె. ఏడు దేశాలల్ల గివే డబ్బాలంట. రూంల కొట్టే సెంటు తయారుచేసే కంపెనీ. ఎవ్వరికి ఏ వాసన పడదో తెల్సుకుంటరు." ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "మీరు అబద్ధం చెప్పే పని లేదు టీచరమ్మా, ఒట్టు. మీరు ఉన్నది ఉన్నట్టే కావాలె వాళ్లకు."

ఆమెకు వెళ్లాలని లేదు. కానీ ఫ్లోరా అక్కను రెండుసార్లు కుర్చీలో కూర్చోబెట్టి ఈ మెట్ల మీదుగా కిందికి మోసినవాడు బబ్లూ. రెండుసార్లూ దవాఖానకే. రెండోసారి అక్క తిరిగి రాలేదు.

"సరే, వస్తా" అంది.

అక్కాచెల్లెళ్లు ఇద్దరే ఉండేవారు ఆ ఇంట్లో. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. అక్క మిషన్ ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సు. పక్షవాతం వచ్చాక పదకొండు నెలలు మంచం మీద ఉండి, డిసెంబరులో పోయింది. సమాధి చేసిన మర్నాడు చర్చి స్త్రీల మైత్రి వాళ్లు బకెట్లూ ఫినాయిలూ పట్టుకుని వచ్చారు. "నువ్వు కూర్చో టీచరమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు. పరుపు తీసుకెళ్లి పారేశారు, రబ్బరు షీటు పారేశారు, నేల మూడుసార్లు కడిగారు. వారం తిరక్కుండా సున్నం కూడా వేయించారు. లోయిస్ ఒక్కొక్కరికీ పేరు పెట్టి కృతజ్ఞతలు చెప్పింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆ గదిలోకి వెళ్లి కాసేపు నిలబడి వచ్చేది. అక్కడ సున్నం వాసన తప్ప ఏమీ లేదు.

శనివారం మధ్యాహ్నం హాలుకు వెళ్లింది. కిటికీల సందుల్లో టేపు అంటించి ఏసీ వేశారు. పది కుర్చీలు, కుర్చీకీ కుర్చీకీ మధ్య అట్ట అడ్డం, ప్రతి కుర్చీ ముందూ బొటనవేలంత కెమెరా. గాలిలో పాత తివాచీ, బిస్కెట్లు, నలుగురి చెమట కలిసిన ముతక వాసన.

తలుపు దగ్గర బబ్లూ వేళ్లతో వయసులు చూపిస్తున్నాడు. ఆ వేళ్లు చూసి ఆడవాళ్లు వయసులు చెబుతున్నారు.

"పోయిన వారం జ్యూస్ సర్వేల నేను గర్భిణిని" అంది పక్క కుర్చీలో ఉన్న లావుపాటి ఆవిడ, బేగంబజారు నుంచి వచ్చానని చెప్పుకున్నావిడ. "ఐదో నెల. ఇంటికి వొయినంక మా ఆయనకు చెప్తే రెండు రోజులు మాట్లాడలే."

అందరూ నవ్వారు. లోయిస్ నవ్వలేదు. అబద్ధం ఆడటం కన్నా దాన్ని ఇంత సులువుగా ఆడటం ఆమెకు రోతగా ఉంది. ముప్పై ఏళ్లుగా ఆమె పిల్లలకు నేర్పుతున్నది దీనికి ఎదురు.

సర్వే నడిపే అమ్మాయి పేరు శ్రీవిద్య. ముంబై ఆఫీసు నుంచి వచ్చింది కానీ తెలుగు బాగానే మాట్లాడుతోంది. వాసన ఏ ఇబ్బందీ పెట్టకపోతే ఒకటి, భరించలేకపోతే ఏడు వేయమంది. డబ్బాకీ డబ్బాకీ మధ్య ఎవరి మోచేతి మడతలో వాళ్లు వాసన చూసుకోవాలట.

"మన ఒంటి వాసన మనకు తెలియదు కదా మేడమ్. అక్కడికి వస్తే ముక్కు మళ్లీ సున్నా అవుతుంది."

హాలు చివర ఒక విదేశీ స్త్రీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అందరినీ చూసి ఒకేలా నవ్వుతోంది.

263వ డబ్బాలో ఎండుచేపలు. బేగంబజారు ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడు వేసింది. లోయిస్ ఒకటి వేసింది. 590 ఏదో పులిసిన విదేశీ జున్ను. కాళ్లకు వేసుకున్న మేజోళ్లు వారం ఉతకనట్టు ఉంది.

"గిది తింటరంట వాళ్లు" అంది బేగంబజారు ఆవిడ. "గందుకే సెంటు కనిపెట్టిన్రు."

తర్వాతిది 418. మూత తీసింది లోయిస్. అది అక్క గది.

ఆరని మూత్రం, రబ్బరు, వెన్ను పుండ్ల మీద చల్లే పొడి, నొప్పుల నూనె, గిన్నెలో మిగిలి పులిసిన జావ. నాలుగు నెలలుగా ఆమె వెతుకుతున్నది అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఉంది.

"గిది మా అత్త గది" అంది బేగంబజారు ఆవిడ గట్టిగా. "చచ్చి రెండేండ్లయింది, పీడ వొయిందనుకున్న. డబ్బాల వెట్టి మళ్లా పంపిన్రు చూడున్రి."

హాలంతా నవ్వు. విదేశీ స్త్రీకి ఎవరో ఇంగ్లిషులో చెప్పారు. ఆమె కూడా నవ్వింది. లోయిస్ 418 ఎదురుగా ఒకటి చుట్టూ సున్న చుట్టింది. పెన్ను అడుగు కాగితం దాకా దిగింది.

అయిపోయాక శ్రీవిద్య ఆమెను పక్కకు పిలిచింది.

"ఏమనుకోకండి మేడమ్. 418 దగ్గర మీరు స్కేలు తిరగేసి చూశారేమోనని. ఏడు వేయబోయి ఒకటి వేశారా?"

"లేదు. చూసే వేశాను."

"ఇప్పటికి ఐదు దేశాలు అయ్యాయి. పదమూడు వందల మంది చూశారు. దానికి ఒకటి వేసింది మీరొక్కరే."

"నాకు అసహ్యం కలగలేదు."

"నంబర్లు దేశాన్ని బట్టి మారతాయి మేడమ్. ఒకచోట మర్యాదకు అన్నిటికీ రెండో మూడో వేస్తారు. ఇంకోచోట అన్నిటికీ ఏడే. అందుకే ముఖాలు కూడా తీసుకుంటాం. అవి మాత్రం ఎక్కడైనా ఒక్కలాగే ఉంటున్నాయి." శ్రీవిద్య చేతిలోని ట్యాబ్ ఇటు తిప్పింది.

తెర మీద లోయిస్. ముక్కు ముడతలు పడి ఉంది. పైపెదవి ఒక పక్కకు లేచింది. గదవ వెనక్కి లాక్కుంది. కింద మూలలో 418 అని ఉంది.

"అర సెకను మాత్రమే లెండి" అంది శ్రీవిద్య, ఓదారుస్తున్నట్టు. "తర్వాత మళ్లీ మామూలైపోయారు."

లోయిస్ బయటికి వచ్చింది.

ఇంటికి వెళ్లి అక్క గది గుమ్మంలో నిలబడింది. రోజూ పొద్దున దుప్పటి ఎత్తేటప్పుడు అక్క అడిగేది, సగం పడిపోయిన నోటితో, ఒక్కో మాట కూడగట్టుకుని: "వాసన వస్తున్నదా లోయిసూ?"

"లేదక్కా."

అక్క కాసేపు చెల్లెలి ముఖం చూసి, గోడ వైపు తిరిగేది. మర్నాడు మళ్లీ అడిగేది. మంచాన పడ్డ మనిషి సిగ్గు అనుకుంది లోయిస్ అప్పుడు. "నర్సు ముక్కు డ్యూటీలో పనిచెయ్యదే" అని నవ్వేది అక్క, బాగున్న రోజుల్లో. ముప్పై నాలుగేళ్లు ఎందరెందరి ఒళ్లు తుడిచింది. అలాంటి మనిషి పదకొండు నెలలు రోజూ ఏ ముఖం చూసి గోడ వైపు తిరిగిందో తెర మీద చూశాక లోయిస్‌కు అన్నం దిగలేదు.

కెమెరా తప్పు చేసి ఉండవచ్చు. జున్ను డబ్బా దగ్గరి ఫొటో దీని కింద పెట్టి ఉండవచ్చు. బేగంబజారు ఆవిడ మాటకు ముఖం అలా అయి ఉండవచ్చు. ఏది నిజమో తెలుసుకోవడానికి ఒకే ఒక దారి ఉంది. ఆ డబ్బా ఇంకొకసారి తెరవాలి.

ఆదివారం ఆరాధన కాగానే చర్చి నుంచి బయల్దేరింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల మధ్య నుంచి, ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా, నేరుగా హాలు దగ్గరికి వచ్చింది. బబ్లూ కింద చాయ్ తాగుతున్నాడు.

"నేను ఇంకోసారి కూర్చోవాలె బబ్లూ."

"మీరా?" గ్లాసు కింద పెట్టాడు. "ఒకసారి కూసున్నోళ్లు మళ్లా కూసోవద్దు టీచరమ్మా."

"తెలుసు."

ఎందుకని అడుగుతాడేమోనని చూసింది. అతను అడగలేదు. జేబులోంచి సర్వే కార్డు తీశాడు. "నళిని అని బషీర్‌బాగ్ ఆమె రావాల్సింది, రాలే. నలభై ఐదేండ్లు. హిందూ. కోడలు, అత్తమామలతోని ఉంటది." మళ్లీ జేబులో చెయ్యి పెట్టి బొట్టుబిళ్లల అట్ట తీశాడు. సగం బిళ్లలు అయిపోయి ఉన్నాయి. "గిది వెట్టుకోన్రి. ఫికర్ లేదు, మీరు మొదటామె కాదు."

పోయిన వారమే ఇద్దరు పిల్లల్ని పరీక్షలో చూసి రాశారని లోయిస్ వరండాలో నిలబెట్టింది. ఆ సంగతి గుర్తొచ్చింది. అయినా అట్ట తీసుకుంది.

హాలు బాత్‌రూంలో తడి అద్దం ముందు నిలబడి బిళ్ల అంటించుకుంది. వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ పెట్టుకోలేదు. ఎంత ఎత్తులో ఉండాలో తెలియక కొంచెం కిందికి పెట్టింది. పెట్టుకున్నందుకు కాదు, దాన్ని ఇంకొకరి నమ్మకంలోంచి దొంగిలించినట్టు పెట్టుకున్నందుకు తన మీద తనకే వెగటు పుట్టింది. ఆదివారం, బైబిలు ఇంకా సంచిలోనే ఉంది.

శ్రీవిద్య కార్డు చూసింది. ముఖం చూసింది. నుదురు చూసింది.

"నళిని గారా?"

"ఔను."

శ్రీవిద్య వెనక్కి తిరిగి హాలు చివరి విదేశీ స్త్రీని చూసింది. పది కుర్చీల్లో ఒకటి ఖాళీగా ఉంది. ఇది చివరి బ్యాచ్.

"రండి, కూర్చోండి నళిని గారూ."

ఎవరూ ఎవరినీ పట్టుకోలేదు. పట్టుకుంటే బాగుండునని లోయిస్‌కు అనిపించింది.

ముందు ఏవేవో డబ్బాలు. ఏవో నంబర్లు వేసింది. 418 చేతికి వచ్చాక మోచేతి మడతలో ముఖం పెట్టి మూడుసార్లు ఊపిరి తీసుకుంది. ఆధార్ ఫొటోకు కూర్చున్నట్టు ముఖాన్ని సర్దుకుని, కెమెరా వైపు నేరుగా చూస్తూ మూత తీసింది.

ముక్కు ఆమె మాట వినలేదు. దానంతట అదే ముడుచుకుంది. పొద్దున మింగిన చాయ్ నోట్లోకి వచ్చింది.

దానితో పాటు అక్క కూడా వచ్చింది. సంస్మరణ కూటంలో పాస్టరు గారు చెప్పిన ఓపికగల ఫ్లోరమ్మ కాదు. ఒళ్లు బరువెక్కి, పక్కకు తిప్పబోతే మూలిగే అక్క. అక్కకు వినపడకూడదని పంపు తిప్పి సింకులో వాంతి చేసుకున్న ఉదయాలు వచ్చాయి. ఒకరోజు ముక్కుకు గుడ్డ కట్టుకుని గదిలోకి వెళ్తే అక్క కళ్లు ఆ గుడ్డ మీదే ఆగాయి. విప్పేసింది. ఇది ఇంకెన్నాళ్లు ప్రభువా అని దుప్పటి పిండుతూ అనుకున్న రోజు వచ్చింది. అయినా పిండింది. రోజుకు మూడుసార్లు, పదకొండు నెలలు.

ఈ నాలుగు నెలల్లో అక్క ఇంత దగ్గరగా రాలేదు.

లోయిస్ మూత బిగించి, 418 ఎదురుగా ఏడు చుట్టూ సున్న చుట్టింది. కాగితం పైన నళిని అని ఉంది.

షీటు తీసుకుంటూ శ్రీవిద్య దాన్నీ ట్యాబునూ మార్చి మార్చి చూసింది. "థాంక్యూ నళిని గారూ. మీది చాలా క్లియర్‌గా వచ్చింది."

"నిన్న ఒకావిడ ఒకటి వేసింది కదా. ఆ షీటు?"

శ్రీవిద్య కళ్లు దించుకుంది. "దాన్ని తీసేశాం మేడమ్. లెక్కలోకి రాదు."

తలుపు దగ్గర బబ్లూ అందరికీ బహుమతి సంచులు ఇస్తున్నాడు. లోపల గదిలో కొట్టుకునే సెంటు, మల్లెపూల బొమ్మతో. లోయిస్ తన సంచి అతనికే తిరిగి ఇచ్చింది.

"మీ ఇంట్లో వాడుకో బబ్లూ."

"మా ఇంట్ల ఆరున్నయి టీచరమ్మా. మా ఆవిడ దోమలకు కొడ్తున్నది."

మామూలు రోజైతే నవ్వేది. తల ఊపి మెట్లు దిగింది.

ఎండలో స్టేషన్ రోడ్డు దాటి, గల్లీలోకి తిరిగి, పైకి ఎక్కి, చెప్పులు కూడా విడవకుండా అక్క గదిలోకి వెళ్లింది. నుదుటి చెమట తుడుచుకుంటే బిళ్ల బొటనవేలికి అంటుకుని వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక వేలి మీదే ఉంచుకుంది. మంచం ఉండే చోట, తల వైపు, నేల మీద కూర్చుంది.

"వాసన వచ్చేదక్కా" అంది. "రోజూ వచ్చేది."

అప్పట్లో అక్క తన ముఖం చూసేంత సేపు అలాగే కూర్చుంది. ముఖం తిప్పుకోలేదు.