ఆటోలో వచ్చిన ప్రయోగశాల

పొద్దున తొమ్మిదింటికి నల్గొండలోని విశ్వవిద్యాలయపు బి.ఇడి. కళాశాలకు ఆటోలో ప్రయోగశాల వచ్చింది. బీకర్లు, పరీక్ష నాళికలు, రెండు సూక్ష్మదర్శినులు, అన్నీ వరిగడ్డిలో పొదిగి తెచ్చారు. వెనకే కార్లలో అధ్యాపకులూ దిగారు. ఆ రోజు తనిఖీ. పద్నాలుగు పోస్టులకు పనిచేసేది ఇద్దరే అయినా, తనిఖీ బృందం లెక్కపెట్టేసరికి పద్నాలుగు తలలూ ఉన్నాయి. ఎరువు సొమ్ము బరువు చేటని సామెత. మనవాళ్లు నగలే కాదు, పంతుళ్లను కూడా ఎరువు తెచ్చుకుంటారు, సిగ్గుపడరు.

వచ్చినవాళ్లకు టీ అందిస్తున్నది స్వర్ణలత. నేతగాడు వెంకటనర్సు కూతురు. సైన్సు టీచరు కావాలని చేరి రెండో ఏడు చదువుతోంది. బల్ల మీద మెరిసే గాజు సామాను చూసి ఆగలేక శ్రీశైలాన్ని అడిగింది. సైన్సు ఎలా బోధించాలో నేర్పడానికి అక్కడున్నది అతనొక్కడే, అదీ పార్ట్‌టైం.

"సార్, ఒక్కసారి నేను ప్రయోగం చేసి చూస్త. రెండేండ్లల ఒక్క బీకరు గూడ పట్కోలె."

"వద్దమ్మా. పగిలితే నా మెడకు సుట్టుకుంటది. సాయంత్రం కల్లా వాపస్ పోవాలె."

శ్రీశైలం చెడ్డవాడు కాదు. అరవై మంది శిక్షణ విద్యార్థులు ఐదు బడుల్లో పాఠాలు చెబుతుంటే, వెనక కూర్చుని చూసి తప్పులు దిద్దాల్సింది అతనొక్కడే. ఎన్నింటికని పోతాడు? రికార్డులు తెప్పించుకుని, చూడని పాఠం కింద కూడా "బోధన బాగుంది" అని రాసి పంపేవాడు. స్వర్ణలత చెప్పాల్సిన నలభై పాఠాల్లో చెప్పింది ఆరు. మిగతావి సీనియర్ల రికార్డు చూసి ముత్యాల్లాంటి అక్షరాలతో దించింది. డిస్టింక్షన్ వచ్చింది. పిల్ల తెలివైనదే మరి.

ఆ జూన్‌లో దేవరకొండలో ఒక ప్రైవేటు బడి ఆమెకు పదో తరగతి అప్పగించింది. ఆగస్టులో ఆమ్లాన్ని పలుచన చేసే పాఠం. ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఈ ప్రశ్నకు పరీక్షలో ఆమె ఐదుకు ఐదు మార్కులు తెచ్చుకుంది. తీరా ముప్పై మంది ముందు సీసా పట్టుకునేసరికి గాభరా పడి, ఆమ్లమున్న బీకరులోకే నీళ్లు వంపింది.

బీకరులోని ఆమ్లం చిమ్మింది. ముందు బెంచీ నుంచి వంగి చూస్తున్న వర్షిత కళ్లలో పడింది. మెట్ట సేద్యం చేసుకునే గుర్వయ్య బిడ్డ ఆ పిల్ల.

"టీచర్, మండుతాంది టీచర్," అని వర్షిత ఏడుస్తుంటే స్వర్ణలత కొంగుతో తుడిచింది, ఎత్తుకుని ఆటో కోసం పరుగెత్తింది. వరండాలో డ్రమ్ము నిండా నీళ్లున్నాయి. దాన్ని దాటుకునే పోయింది.

దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి మాట, "నీళ్లతోని కడిగిన్రా?"

"లేదు సార్."

"అప్పుడే కడిగితే ఒక్క కన్నన్న మిగిలేది," అన్నాడాయన. రెండూ పోయాయి.

స్వర్ణలత ఉద్యోగం పోయింది, కేసు పడింది. రికార్డులో శ్రీశైలం రాత బయటపడింది. పార్ట్‌టైం మనిషి కదా, తీసేయడానికి కాగితం కూడా అక్కర్లేకపోయింది. "రేపటి సంది రాకు," అన్నాడు కళాశాల ప్రిన్సిపాల్ విజేందర్. శ్రీశైలం చోట ఎవరినీ వేయలేదు. కొత్తగా చేరిన అరవై మందికి ఆ దొంగ రాతలు రాసే దిక్కు కూడా లేదిప్పుడు.

విశ్వవిద్యాలయం విచారణ పెట్టింది. "బాధ్యులను తొలగించాం," అని విజేందర్ చెప్పి కూర్చున్నాడు. కూతురి పక్కన నిలబడ్డ వెంకటనర్సు అప్పుడు నోరు విప్పాడు.

"నా బిడ్డ తప్పు చేసింది సార్, కాదంటలేను. నా పాణమిచ్చినా గా పిల్ల కండ్లు రావు. కని ఒక్క మాట. మా ఇండ్లల్ల మగ్గం మీద కూసోవాలంటే మొదలు ఏడాది నూలు కండెలు సుట్టాలె. కూసున్నంక గూడ పెద్దోడు పక్కన్నే ఉంటడు, తప్పు పోతే చెయ్యి పట్టి ఆపుతడు. చెడితే చీర చెడతది, గంతే. గా చీరకే మేము మనిషిని పెడతం. మీరు పసిపిల్లల ముందల నిలవడేటోళ్లకు ఒక్క మనిషిని పెట్టలేదు, ఒక్క సామాను చేతికియ్యలేదు."

అవతల గుర్వయ్య పక్కన వర్షిత కూర్చుని ఉంది. గుమాస్తా వర్షిత వాంగ్మూలం కాగితం తెచ్చి, ఆమె బొటనవేలు పట్టుకుని సిరా పూశాడు.

"నాకు సంతకం అస్తది సార్," అంది వర్షిత. "జాగా ఏడుందో జర నా వేలు ఆడ పెట్టుండ్రి, చాలు."

"ఎందుకమ్మా తిప్పలు," అంటూ గుమాస్తా వేలిముద్ర ఒత్తించుకున్నాడు. గుర్వయ్య తన తువ్వాలతో బిడ్డ వేలు తుడిచి, చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు.

అయ్యలారా, అమ్మలారా, టీచర్లకు నేర్పే చోట నేర్పేవాళ్లను, నేర్చుకునే సామానును పెట్టకపోతే, ఆ నేర్చుకోవడమంతా రేపు బడిలో మన పిల్లల మీదే జరుగుతుంది.