పక్క వీణ

శృంగవరపుకోటలో వీణ నేర్చుకున్నవాళ్లలో సగంమంది పద్మకుమారి చేత తిట్లు తిన్నవాళ్లే. మిగతా సగంమంది ఆ తిట్ల సంగతి విని వేరే చోట చేరినవాళ్లు. అరవై దాటినా ఆవిడ గొంతూ తగ్గలేదు, నమ్మకమూ తగ్గలేదు. విజయనగరంలో ఒక సంగీత సభవాళ్లు సన్మానం చేస్తామని, ఈసారి కచేరీ ఆవిడ ఒక్కరే చెయ్యాలని కబురు పెడితే, ఇన్నాళ్లకి వీళ్లకి బుద్ధొచ్చిందనుకుంది తప్ప భయపడలేదు.

భయపడింది కౌముది. ఆవిడ అన్నగారి కూతురు, ఎచ్చెర్లలో చదువుకుంటోంది. ప్రతి కచేరీలోనూ మేనత్త పక్కన రెండో వీణ పట్టుకుని కూర్చునేది ఆ పిల్లే. స్నేహితులతో కలిసి గిటారు కూడా వాయిస్తుంది. ఆ ఆదివారం గిటారు సామానంతా ఆటోలో వేసుకుని అత్త ఇంటి ముందు దిగింది. ఒక యాంప్లిఫయరు, కేబుళ్లు, వీణకి అంటించే బిళ్లంత మైకు, కాలితో నొక్కే చిన్న పెడల్.

పద్మకుమారికి ఇలాంటివంటే ఒళ్లు మంట. వినాలనుకున్నవాడు వీణ దగ్గరికి రావాలిగాని, వీణ వాడి మీద పడకూడదంటుంది. అయినా పిల్ల అంత దూరం మోసుకొచ్చిందని సరే అంది.

కౌముది ముందు యాంప్లిఫయరు పెట్టె సౌండు పూర్తిగా తగ్గించింది. అలా చెయ్యకుండా కేబుల్ గుచ్చితే ఢామ్మంటుంది. మైకుని, తీగలు ఆనుకునే వీణ గుర్రం పక్కన అంటించి, కేబుల్ పెట్టెకి తగిలించి, మెల్లగా సౌండు పెంచింది. పద్మకుమారి మొదలుపెట్టింది. తాళానికి మీటే పక్క తీగలు గుడిగంటల్లా మోగాయి. రాగం పలికే తీగలేమో గోడవతల ఎవరో వాయిస్తున్నట్టున్నాయి. కౌముది మైకుని ఇటు జరిపింది, అటు జరిపింది. అదే వరస.

గిటారు పెట్టెకి వీణ సంగతేం తెలుస్తుందని పద్మకుమారి కొట్టిపారేసింది. ఆడలేక మద్దెల ఓడని శిష్యుల్ని రోజుకోసారైనా దెప్పే మనిషి, తన వంతు వచ్చేసరికి ఆ సామెత మరిచిపోయింది. కావాలంటే నువ్వే వాయించి చూపించమని పిల్లని కూర్చోబెట్టింది. కౌముది ఏవేవో సాకులు చెప్పి, చివరికి తప్పక కూర్చుంది.

అదే వీణ, అదే కేబుల్, అదే పెట్టె. గది నిండా రాగం పలికింది. పక్క తీగలు పక్కనే ఉన్నాయి. కౌముది సగంలో మీటు తగ్గించి వాయించబోయింది గాని, పద్మకుమారి చెవిని మోసం చెయ్యడం ఎవరి తరం? ఆవిడ తన వేళ్ల వైపు చూసుకుంది. పొద్దున్న లేవగానే బిగుసుకుపోతున్నాయని తెలుసు. రాగం తీగ మీద బలం తగ్గినకొద్దీ తాళం తీగల మీద పెంచుకుంటూ వచ్చానని, కచేరీల్లో జనం విన్న రాగం పక్క వీణదని మాత్రం ఇప్పుడే తెలిసింది.

“ఎన్నాళ్ల నుంచే?”

“రెండేళ్లయినాదత్తా.”

“సెప్పలేదేటి?”

కౌముది తల వంచుకుంది. “నీ కచేరీ అనే గదా జనం వస్తన్నారు. ఎలాగ సెప్పేది?”

పద్మకుమారికి సిగ్గేసింది. ఆ వెనకే కోపమొచ్చింది, పిల్ల మీద, వేళ్ల మీద, రెండేళ్లుగా మోగిన చప్పట్ల మీద. కాసేపు గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. తిరిగి వచ్చి, ఆ పెడల్ ఎందుకు తెచ్చావో అదీ తగిలించమంది.

కౌముది మళ్లీ సౌండు తగ్గించింది. వీణ కేబుల్‌ని పెట్టె నుంచి తీసి పెడల్‌కి గుచ్చింది. పెడల్ నుంచి ఇంకో కేబుల్ పెట్టెకి ఇచ్చింది. ఇది చిన్న మీటుని పైకెత్తి పట్టుకుంటుందని, పెద్ద మోతని అణుస్తుందని, చెయ్యి పలికించని స్వరాన్ని మాత్రం ఇది పలికించలేదని చెప్పింది. “నువ్వు గట్టిగా కొట్టక్కర్లేదత్తా. ముట్టుకో, సాలు.”

పద్మకుమారి పక్క తీగల్ని మెల్లగా మీటి, రాగం తీగని ముట్టుకుంది. నాదం వచ్చి నిలబడింది. తీగని పక్కకి లాగితే, లాగినంత దూరమూ వెంట నడిచింది. ఆవిడకి కళ్లనీళ్లు కారాయి. రెండు చేతులూ వీణ మీదే ఉండటంతో తుడుచుకోలేదు.

“ఇది నా సెయ్యే గదే” అంది.

వాయించినంతసేపు వాయించి, సభ కార్యదర్శి నరసింగరావుకి ఫోన్ చేసింది. కచేరీ మొదటి సగం కౌముది ఒక్కతే వాయిస్తుందని, రెండో సగం తాను ఒక్కతే వాయిస్తానని, పెట్టె తనే తెచ్చుకుంటానని చెప్పింది. ఆహ్వానంలో ఒక్క పేరే వేశామని ఆయన నసిగితే, మళ్లీ వేయించమంది. ఆవిడతో వాదించి గెలిచినవాడు ఆ జిల్లాలో లేడు. ఆయన ఒప్పుకున్నాడు.

కౌముది ముఖం పాలిపోయింది. పక్కన అత్త లేకుండా వేదిక ఎక్కింది ఎన్నడూ లేదు.

“ఒక్కదాన్నే ఎలాగత్తా?”

పద్మకుమారి వీణ మీంచి తలెత్తలేదు.

“రెండేళ్ల బట్టీ ఒక్కదానివే వాయిస్తన్నావే. పక్కన నేను కూసున్నాను, అంతే.”