తాయారు పాస్‌వర్డ్

తాయారు వంజరం చేపముక్కలకి ఉప్పూ కారం పట్టిస్తోంది. వెనక నుంచి మొగుడు దొరబాబు మెల్లగా అన్నాడు: "తెలీక చేశాననెయ్. ఆడమనిషివి, ఊరుకుంటారు."

చేసింది అతను. ఒర్లియంపేటలోని ఆ ఇంట్లో ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

ఇద్దరిదీ ఒకే సర్కారు ఆఫీసు. ఎనభై తొమ్మిదిలో అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటరు మీద పని ఆమెది, హెడ్ క్లర్కు కుర్చీ అతనిది. ఆదివారం డ్యూటీ ఉందని వెళ్ళి, స్నేహితుడిచ్చిన కారు పందేల ఆట ఫ్లాపీ అందులో దూర్చాడు. సోమవారం తాయారు స్విచ్ వేసేసరికి తెర మీద తెల్లచుక్క ఒకటి బంతిలా గెంతుతోంది. ఏడాదిగా ఆమె ఎక్కించిన రేషన్ కార్డుల పేర్లు సగం లేవు. వైరస్. బయటి ఫ్లాపీ ఏదైనా ముందు మద్రాసు నుంచి తెప్పించిన యాంటీవైరస్‌తో చూసుకోవాలి. ఆమె రోజూ చూసేది. అతనికంత ఓపికెక్కడిది? పాస్‌వర్డ్ మాత్రం ఆమెదే వాడాడు.

అంతకుముందొకరోజు అన్నం తింటూ అదేంటో చెప్పమని అడిగాడు. ఆమె తటపటాయిస్తే అత్తగారు నూకాలమ్మ అందుకుంది: "మొగుడి దగ్గర దాపరికమేంటే? ఆడేమన్నా పరాయోడా?" చెప్పేసింది. జీతం కవరు విప్పకుండా అతని చేతిలో పెట్టినట్టే, పుట్టింటి ఉత్తరాలు ముందు అతన్నే చదవనిచ్చినట్టే.

"నా ఉద్యోగం పోతుందేమోనండి," అంది ఇప్పుడు.

"పోతే ఇంట్లో ఉంటావు. నాది పోతే అందరం వీధిలో ఉంటాం."

"ఆడికి ప్రమోషను రాబోతోంది. మచ్చ పడనిస్తావా?" అంది నూకాలమ్మ.

ఆఫీసరు రామభద్రరావు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. "ఆదివారం వాడింది మీ పాస్‌వర్డేనా, తాయారుగారూ?"

దొరబాబు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"నాదే సార్. అది టైపు కొట్టింది మావారు."

రామభద్రరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన సంగతి తర్వాత చూద్దాం. బయటికి చెప్పింది మీరు. మెమో మీకే. పోయిన పేర్లన్నీ మళ్ళీ ఎక్కించండి, ఓవర్‌టైం ఇవ్వలేం. పాస్‌వర్డ్ మార్చుకోండి."

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని దొరబాబు నవ్వాడు. "నా పేరు చెప్పి ఏం బావుకున్నావు? మెమో నీకే వచ్చిందిగా." చేపముక్కలో ముల్లు తీసి పక్కన పెట్టాడు. "సరేలే. కొత్తదేం పెట్టావు?"

నూకాలమ్మ తలెత్తింది. తాయారు అన్నం వడ్డించింది, పులుసు పోసింది, గిన్నె మీద మూత పెట్టింది. చెప్పలేదు.

పెళ్ళయ్యాక తనకొక్కదానికే తెలిసిన సంగతంటూ ఆ ఇంట్లో ఒకటుండటం అదే మొదలు.