సగం ఖాళీగా ఉన్న డిస్కు

రేపు పొద్దున పిన్నికి గొంతు ఆపరేషన్. స్వరపేటిక తీసేస్తారు. చూపు లేని పిల్లల కోసం ఆమె చదువుతున్న నవలలో ఇంకా ఒక్క అధ్యాయం మిగిలింది. రికార్డు చేసే పని నాది. గ్రంథాలయం వెనక గదిలో, కిటికీలకు దుప్పట్లు కట్టుకుని, మూడు నెలలుగా ఇదే పని.

మధ్యాహ్నం రెండింటికి ఆమె మైకు ముందు కూర్చోగానే కంప్యూటర్ మొండికేసింది. డిస్కు నిండిపోయిందట. తెర మీద పక్క గడిలో మాత్రం సగం ఖాళీ అని చూపిస్తోంది. ఏది నమ్మాలి? పోయిన నెల చోటు చాలక, ఫైళ్లను నొక్కి కుదించి దాచే ఏర్పాటు నేనే పెట్టాను. ఖాళీ ఒక్కసారిగా రెట్టింపు కనిపించింది. ఆ రోజు నా అంత తెలివైనవాడు లేడనుకున్నాను.

పాత ఉత్తరాల ఫైళ్లు కొన్ని తీసేశాను. ఖాళీ పెరగాల్సింది పోయి తగ్గింది. నాకు మతి పోయింది.

“ఏమంటోందిరా?” అంది పిన్ని. గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

“సగం ఖాళీ అంటోంది. చోటు లేదనీ అంటోంది.”

“అచ్చం మీ బాబాయే. ఆకలి లేదంటూనే గిన్నె ఖాళీ చేస్తాడు.”

వెతగ్గా వెతగ్గా ఒక మూల పేరూ ఊరూ లేని ఫైలు ఒకటి కనిపించింది. ఇంత లావున మొత్తం చోటంతా ఆక్రమించి కూర్చుంది. దొంగ దొరికాడనుకుని తీసెయ్యబోయాను. వాడుకలో ఉంది, కుదరదంది యంత్రం. ఒళ్లు మండి, పక్క వీధి కంప్యూటర్ మెకానిక్‌ను పిలుచుకొచ్చాను.

ఆయన చూసి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు.

“ఇది పెట్టె సార్. మీ పిన్నిగారు చదివిన పదకొండు అధ్యాయాలూ నొక్కి పెట్టింది ఇందులోనే. తీసెయ్యడానికి యంత్రం ఒప్పుకుని ఉంటే ఈపాటికి అన్నీ పోయేవి.”

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను.

“మరి ఆ సగం ఖాళీ?”

“అది వట్టి అంచనా. ఉత్తరాల్లాంటివి నొక్కితే బాగా తగ్గుతాయి, వాటిని చూసి అలా లెక్కేస్తుంది. మీరు వాటినే తీసేశారు కాబట్టి అంచనా పడిపోయింది. మీ రికార్డింగులు ముందే నొక్కినవి, ఇంకా తగ్గవు. ఏదో ఒక రికార్డింగు తీసెయ్యాల్సిందే. ఈ పాత కంప్యూటర్‌కి సరిపడే ఇంకో డిస్కు తెప్పించాలంటే రెండు రోజులు.”

తీసెయ్యడానికి ఒక్కటే ఉంది. ‘కత్తిరింపులు’. పిన్ని తడబడినా రికార్డింగు ఆపకపోవడం మా పద్ధతి. తర్వాత ఆ ముక్కలు కోసి విడిగా పెట్టేవాణ్ని. వాటినిండా ఆమె దగ్గు, “కాసిని నీళ్లివ్వు”, “కుర్చీ కిర్రుమంటోంది, కదలకురా వెధవా”. పదకొండు అధ్యాయాల్లో ఉన్నది నవల్లోని మనుషుల గొంతులు. మా పిన్ని ఉన్నది ఈ ముక్కల్లోనే.

“దగ్గు కూడా దాచుకుంటావురా? తీసెయ్,” అంది ఆమె.

“తీయను.”

“చివర్న ఏమైందని ఆ పిల్లలడిగితే నువ్వు చదివి పెడతావా?”

ఆమె మీద పట్టరానంత కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. తీసేశాను.

పిన్ని గంటన్నర చదివింది. గొంతు సన్నబడింది గానీ ఎక్కడా తడబడలేదు. చివరి వాక్యం అవగానే ఎప్పటిలా చెయ్యెత్తింది. అది చూస్తే నేను ఆపాలి. చూశాను, ఆపలేదు.

“చెయ్యెత్తాను కదరా, కళ్లు కనపడట్లేదా? అయిపోయింది. కాసిని నీళ్లివ్వు.”

పిల్లలకిచ్చిన ఆ వినే పుస్తకంలో ఆ మాటలు కత్తిరించలేదు.

రెండు నెలలకు పుస్తకం తిరిగివ్వడానికి వచ్చిన ఒక పాప అడిగింది, “ఆవిడకి నీళ్లిచ్చారా?”

ఆ రోజు నీళ్లివ్వడమే మర్చిపోయాను. తల వంచుకున్నాను. నా పక్కన, మెడకు రుమాలు చుట్టుకుని కూర్చున్న పిన్ని, నా వీపు మీద ఒక్కటి చరిచింది.